ఒక్క నెత్తురు చుక్క: రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకు ఒక తల్లి బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖల అధికారులకు నమస్కారం.

నా పుట్టిల్లు తిరువూరు వైపు, మెట్టినిల్లు సత్తుపల్లి దగ్గర. మొదటి కాన్పు పుట్టింటి వైపు, కాపురం ఇటు. మధ్యలో రాష్ట్రాల సరిహద్దు ఉంది కాబట్టి ఈ ఉత్తరం ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. మా పెద్దమ్మాయికి పుట్టుకతోనే థైరాయిడ్ లోపం ఉంది. అంటే, మెదడు ఎదగడానికి కావాల్సిన హార్మోనుని మెడలోని థైరాయిడ్ గ్రంథి చాలినంత తయారుచేయదు. ఆ సంగతి మాకు తెలిసేసరికి తనకి నాలుగున్నర నెలలు నిండాయి. రెండు వారాల్లోపు తెలిసి, మందు మొదలుకావాల్సిన జబ్బు అది.

ఎవరి మీదో ఫిర్యాదు చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ ఆసుపత్రి పేరు కూడా రాయను. నాకు జరిగినది ఇంకో తల్లికి జరగకుండా ఆపే పని మీ సంతకంతో అవుతుంది. అందుకే రాస్తున్నాను.

2016లో నేను కడుపుతో ఉన్నప్పటి ఫైలు ఇప్పటికీ బీరువాలో ఉంది. మాది మధ్యతరగతి ఇల్లు. అయినా ఏ పరీక్షకీ వెనకాడలేదు. రక్తం గ్రూపు, హిమోగ్లోబిన్, షుగరు, హెచ్.ఐ.వి. అన్నీ అయ్యాయి. మూడో నెలలో బిడ్డ మెడ వెనక నీటి మందం కొలిచే ఎన్.టి. స్కాన్, దాంతోపాటు డబల్ మార్కర్ రక్తపరీక్ష. ఐదో నెలలో టిఫా స్కాన్. ఒక్కో రిపోర్టు రావడం, అది చూసి డాక్టరమ్మ "అంతా నార్మలేనమ్మా" అనడం, మేం తిరిగొచ్చేటప్పుడు దారిలో కొబ్బరికాయ కొట్టి రావడం. డబల్ మార్కర్ కాగితం మీద "లో రిస్క్" అని ఉంటే మా ఆయన ఫోటో తీసి అందరికీ పంపారు. అన్ని పరీక్షలూ అయ్యాయి, బిడ్డకి ఏ లోపమూ లేదు అని మేం గట్టిగా నమ్మాం.

ఆ పరీక్షలు దేనికోసమో మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. డబల్ మార్కర్ తల్లి రక్తంలో రెండు పదార్థాలను కొలుస్తుంది. పాప్-ఎ ఒకటి, ఫ్రీ బీటా హెచ్.సి.జి. ఇంకొకటి. ఆ రెండు అంకెలకి తల్లి వయసు, బరువు, స్కాన్ కొలతలు కలిపి, బిడ్డకి డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోమ్ తేడాలు ఉండే అవకాశం ఎంతో లెక్క కట్టి చెబుతుంది. టిఫా స్కాన్ గుండె, వెన్ను, కిడ్నీలు, కాళ్ళూ చేతులూ సరిగ్గా ఏర్పడ్డాయా అని చూస్తుంది. రెండూ అవసరమైనవే. కానీ పుట్టాక బిడ్డ మెడలోని థైరాయిడ్ గ్రంథి పనిచేస్తుందా లేదా అన్నది ఆ రెండూ చెప్పలేవు. అది తెలియాలంటే బిడ్డ పుట్టాలి, బిడ్డ నుంచి ఒక్క నెత్తురు చుక్క తీయాలి.

ఆగస్టులో సిజేరియన్ అయింది. పాప రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఆ ఐదు రోజుల్లో బీసీజీ వేశారు, పోలియో చుక్కలు వేశారు, హెపటైటిస్ బి ఇంజక్షన్ ఇచ్చారు. మూడో రోజు మడమ మీద చిన్నగా గుచ్చి ఒక చుక్క తీసి ఉంటే సరిపోయేది. తీయలేదు. అలాంటి పరీక్ష ఒకటి ఉందన్న మాట కూడా ఎవరూ అనలేదు.

ఇంటికొచ్చాక పాప ఏడ్చేది కాదు. మా అమ్మ మురిసిపోయేది. "ఎంత బుద్ధిమంతురాలే, నోరెత్తదు" అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. పాలకి కూడా మేమే లేపాలి. అరికాలు గిల్లితే రెండు గుటకలు తాగి మళ్ళీ నిద్ర. పుట్టినప్పుడు వచ్చిన పచ్చకామెర్లు నెల దాటినా పోలేదు. పొద్దున్నే ఎండ చూపించమన్నారు, చూపించాం. నాలుగు రోజులకోసారి విరేచనం అయ్యేది. తల్లిపాల పిల్లలకి మామూలే అన్నారు. బొడ్డు ఉబ్బితే మా పిన్ని రూపాయి బిళ్ళ పెట్టి గుడ్డ కట్టింది. ఏడ్చినప్పుడు గొంతు బొంగురుగా, జలుబు చేసినట్టు ఉండేది. ఒళ్ళు ఎప్పుడు పట్టుకున్నా చల్లగా తగిలేది. నాలుక కొంచెం బయటకి పెట్టి ఉండేది. అలా నాలుక పెట్టి పడుకున్న ఫోటో ఒకటి ముద్దుగా ఉందని నేనే తీసి చుట్టాలందరికీ పంపాను. ఆ ఫోటో ఇప్పుడు తెరవలేను.

ఇవన్నీ విడివిడిగా చూస్తే మామూలు విషయాలే. పిల్లలకి కామెర్లు వస్తాయి, మలబద్ధకం ఉంటుంది. అందుకే వీటిని చూసి ఈ జబ్బు పట్టుకోవడం పెద్ద డాక్టర్లకి కూడా కష్టం. పుట్టినప్పుడైతే చాలామంది పిల్లల్లో ఏ లక్షణమూ కనిపించదు. కారణం ఏమిటంటే, కడుపులో ఉన్నన్నాళ్ళూ తల్లి హార్మోను కొంత బిడ్డకి అందుతూ ఉంటుంది. బొడ్డుతాడు కోశాక ఆ ఆసరా పోతుంది. అక్కడి నుంచి బిడ్డ సొంత గ్రంథి పని చేయాలి. అది చేయకపోతే రోజురోజుకీ మెదడుకి అందాల్సింది తగ్గుతూ వస్తుంది. పైకి మాత్రం బిడ్డ బుద్ధిమంతురాలిలా పడుకుని ఉంటుంది.

జలుబు వల్ల ఆలస్యమైన టీకా కోసం వెళ్ళినప్పుడు ఒక పిల్లల డాక్టరు పాపని చూసి, మెడ నిలపలేదేమని అడిగి, వేలితో నాలుక తాకి చూసి, "పుట్టినప్పుడు థైరాయిడ్ చేయించారా?" అన్నారు. ఆ ప్రశ్న మేం వినడం అదే మొదటిసారి. మర్నాడు రిపోర్టు వచ్చింది. టి.ఎస్.హెచ్. అంటే థైరాయిడ్‌ని పని చేయమని మెదడు నుంచి వచ్చే హార్మోను, గ్రంథి పని చేయకపోతే అది పెరిగిపోతుంది. దాని ఎదురుగా "100 కంటే ఎక్కువ" అని మాత్రమే ఉంది. ఆ మిషను కొలిచే హద్దు అంతవరకేనట, అసలు అంకె ఎంతో అది చెప్పలేదు. థైరాయిడ్ తయారుచేయాల్సిన హార్మోను టి4 దాదాపు లేదు. అదే రోజు మందు మొదలైంది.

ఆ మందు సంగతి కూడా మీకు చెప్పాలి. అదేం పెద్ద మందు కాదు. ఒంట్లో లేని ఆ థైరాయిడ్ హార్మోనునే బయట నుంచి ఇచ్చే లెవోథైరాక్సిన్ మాత్ర, ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది. పొద్దున్నే రెండు చెంచాల మధ్య మాత్ర పెట్టి నలిపి, నాలుగు చుక్కల తల్లిపాలలో కలిపి, చెంచాతో చెంప లోపల పోసేదాన్ని. చెంచాకి అంటుకున్న పొడి కూడా ఇంకో చుక్క పాలతో కడిగి పట్టేదాన్ని. పది రోజులకి పాప ఆకలేసి ఏడ్చింది. గట్టిగా ఏడ్చింది. మా ఇంట్లో ఆ ఏడుపు విని అందరం ఏడ్చాం.

ఇప్పుడు తను నాలుగో తరగతి. పాటలు బాగా పాడుతుంది, ఎవరి పుట్టినరోజూ మర్చిపోదు. కానీ మాటలు మూడేళ్ళకి వచ్చాయి. లెక్కలు ఒకటికి నాలుగుసార్లు చెప్పాలి. బోర్డు మీద ఉన్నది నోట్సులోకి ఎక్కించేలోపు గంట కొట్టేస్తారు. నేను టీచర్ని కాబట్టి ఇంట్లో కూర్చోబెట్టి చెప్పుకోగలుగుతున్నాను. ఆ నాలుగున్నర నెలల్లో పోయినది ఎంతో ఎవరూ కొలిచి చెప్పలేరు. రెండు వారాల్లోపు మందు మొదలైన పిల్లలు మిగతా పిల్లల్లాగే చదువుకుంటారని మాత్రం డాక్టర్లందరూ చెబుతారు. నా తరగతిలో ఏళ్ళ తరబడి వెనక బెంచీలో కూర్చున్న కొందరు పిల్లల ముఖాలు నాకు ఇప్పుడు గుర్తొస్తాయి. వాళ్ళని మేం మొద్దు అనుకున్నాం. వాళ్ళకి ఎవరైనా ఈ పరీక్ష చేశారా?

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే తల్లులకి ఇది ఎవరూ చెప్పరు. పాపకి ఈ జబ్బని తెలిశాక నన్ను అడగని వాళ్ళు లేరు. గ్రహణం నాడు బయటికి వచ్చావా, బొప్పాయి తిన్నావా, థైరాయిడ్ నీకుందా, మీ వంశంలో ఉందా. ఈ పిల్లల్లో కొందరికి గ్రంథి సరిగ్గా ఏర్పడకపోవడం వల్ల, ఇంకొందరికి గ్రంథి ఉన్నా హార్మోను తయారుచేయలేకపోవడం వల్ల ఈ లోపం వస్తుంది. తల్లి తిన్న తిండికీ గ్రహణానికీ దీంతో సంబంధం లేదు. అయోడిన్ బాగా కరువైన చోట్ల అది కూడా ఒక కారణం అవుతుంది, అందుకే అయోడిన్ ఉప్పు వచ్చింది. మీ ఆశా కార్యకర్త ఇంటికొచ్చినప్పుడు ఈ నాలుగు మాటలు అత్తగారి ముందు చెబితే చాలు, ఆ కోడలికి సగం బాధ తగ్గుతుంది.

ఇది అరుదైన జబ్బు అని అనుకోకండి. హైదరాబాదులోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పద్దెనిమిది వేలకు పైగా పసిబిడ్డలకు పరీక్షలు చేసి, 2004లో ఆ వివరాలు అచ్చు వేశారు. అందులో అన్నిటికంటే ఎక్కువగా బయటపడింది ఇదే, 1,700 మందిలో ఒకరికి. అంటే ఇది మన గడ్డ మీద, మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో, మా పాప పుట్టడానికి పన్నెండేళ్ళ ముందే తేలిన సంగతి. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.) ఐదు నగరాల్లో లక్ష మందికి పైగా బిడ్డలను చూసింది. హైదరాబాదు కూడా అందులో ఉంది. అందులో 1,130 మందికి ఒకరు తేలారు, చెన్నైలో అయితే 727 మందికి ఒకరు. ఐ.సి.ఎం.ఆర్. లెక్క ప్రకారం చూస్తే లక్ష కాన్పులకు దాదాపు ఎనభై ఎనిమిది మంది పిల్లలు. నా బడిలో మొత్తం పిల్లలు ఎనభై ఆరు మంది. ప్రార్థన వేళ వరసల్లో నిలబడ్డప్పుడు ఆ అంకె నా కళ్ళ ముందు ఉంటుంది.

గోవా 2008లోనే పసిబిడ్డలందరికీ పరీక్ష మొదలుపెట్టింది. కేరళ తన ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేస్తోంది. మన దగ్గర అది కుదరకపోవడానికి కారణం ఏమీ నాకు కనిపించడం లేదు.

కనిపించిందల్లా ఒక్క మాట. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం కేంద్రం పెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. పిల్లల్లో వెతకాల్సిన జబ్బుల జాబితా అందులో ఉంది. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం ఆ జాబితా చివర, సికిల్ సెల్, తలసేమియా అనే నెత్తురు జబ్బులతో కలిపి ఉంది. పక్కనే "ఐచ్ఛికం" అని రాసి ఉంది. రాష్ట్రం ఇష్టమైతే చేసుకోవచ్చు అని. ఆ మాట చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరి ఇష్టం? బిడ్డ ఇష్టం అడిగే వీలు లేదు. తల్లికి ఆ పరీక్ష ఉందనే తెలియదు. ఇక మిగిలింది మీ ఇష్టమే. మీ రెండు రాష్ట్రాల్లో ఈ పరీక్షని ఐచ్ఛికం కాదు, తప్పనిసరి అని ఒక ఉత్తర్వు ఇవ్వండి. సర్కారు ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా, ఏ బిడ్డా ఈ పరీక్ష లేకుండా గుమ్మం దాటకూడదు. కొన్ని ఆసుపత్రుల్లో అడిగితే చేస్తారు, డబ్బు కడితే చేస్తారు. బిడ్డ మెదడు తల్లిదండ్రులు అడగడం మీదా, కట్టడం మీదా ఆధారపడకూడదు.

చేయడం కష్టం కాదని ఎందుకంటున్నానంటే, మా బాబుకి చేస్తుండగా దగ్గరుండి చూశాను. 2020 జనవరిలో, పుట్టిన మూడో రోజు. ముందుగా నర్సమ్మ వాడి మడమని గోరువెచ్చని గుడ్డతో కాసేపు కప్పి ఉంచింది. తర్వాత మడమకి పక్కగా, మధ్యలో కాకుండా, చిన్న సూదితో గుచ్చింది. మొదటి చుక్క దూదితో తుడిచేసింది. రెండో చుక్క దానంతటదే ఉబ్బి వచ్చేదాకా ఆగి, ఒక మందపాటి కాగితం మీద ఉన్న గుండ్రటి గీతకి తాకించింది. నెత్తురు గీత నిండా పరుచుకుని కాగితం వెనక వైపుకి కూడా దిగాలట. వెనక్కి తిప్పి చూసి, దిగిందని చూపించింది. అలా నాలుగు గుండ్రాలు నింపి, ఎండ తగలని చోట ఆ కాగితాన్ని పడుకోబెట్టి ఆరబెట్టింది. బాబు అర నిమిషం ఏడ్చాడు. కాగితం కవరులో వెళ్ళింది. నాలుగో రోజు ఫోన్ వచ్చింది, బాగానే ఉందని. నేను ఫోను పెట్టేసి గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను.

మూడో రోజే ఎందుకో కూడా ఆవిడే చెప్పింది. పుట్టిన వెంటనే ప్రతి బిడ్డకీ టి.ఎస్.హెచ్. ఒక్కసారిగా పెరిగి, రెండు మూడు రోజుల్లో దిగుతుంది. అందుకని 48 నుంచి 72 గంటల మధ్య తీస్తే సరైన అంకె తెలుస్తుంది. అంత వరకూ ఉంచలేని చోట బొడ్డుతాడు రక్తం తీసుకోవచ్చు, ఎలాగూ పారేసేదే కదా. నెలలు నిండకుండా పుట్టిన వాళ్ళకి, ఐ.సి.యు.లో ఉన్న వాళ్ళకి, కవలలకి రెండు వారాల తర్వాత మరోసారి చూడాలి.

ఇక మన రెండు రాష్ట్రాల పరిస్థితి చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. తెలంగాణలో 60 శాతానికి పైగా సిజేరియన్లు. అంతమంది సిజేరియన్లు కావడం నాకు బాధే. అయినా ఆ తల్లులూ బిడ్డలూ మూడో రోజు వరకూ ఆసుపత్రి మంచం మీదే ఉంటున్నారు కదా. బిడ్డ మీ చేతుల్లోనే ఉంది, నర్సు ఉంది, సూది ఉంది. తెలంగాణలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నుంచి శాంపిళ్ళు డయాగ్నొస్టిక్ హబ్‌లకి వెళ్ళే ఏర్పాటు ఇప్పటికే ఉంది, రిపోర్టు ఫోన్‌కి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బాలింతని ఇంటి గుమ్మం దాకా దింపుతోంది. ఆరిన కాగితం ఒక కవరులో పెట్టి పంపడానికి ఇంతకంటే ఏం కావాలి?

అసలు కష్టం పరీక్ష తర్వాత ఉంది. దాని మీద మీరు గట్టిగా మనసు పెట్టాలి. అంకె ఎక్కువ వచ్చిన బిడ్డని వెతికి పట్టుకోవాలి. మన ఆడపిల్లలు కాన్పుకి పుట్టింటికి వెళతారు, ఫారం మీద అత్తింటి చిరునామా రాస్తారు, ఫోన్ నంబరు భర్తది ఇస్తారు. ఆయన డ్యూటీలో ఉండి తెలియని నంబరని ఎత్తడు. నాకే అలా జరిగి ఉండేది. కాబట్టి ఫారం మీద బాలింత ఇప్పుడు ఎవరింట్లో ఉంటుందో ఆ ఊరి పేరు, ఆ ఇంట్లో వాళ్ళ నంబరు రాయించండి. సరిహద్దు దాటి వెళ్ళిన బిడ్డల వివరాలు రెండు శాఖలూ ఒకరికొకరు పంపుకోండి. ఆశా కార్యకర్త ఎలాగూ మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు బాలింత ఇంటికి వెళ్ళాలని మీ నియమమే ఉంది. ఏడో రోజు వెళ్ళేటప్పుడు ఆమె చేతిలో ఆ బిడ్డ రిపోర్టు ఉండాలి. రాకపోతే ఎందుకు రాలేదని అడిగే మనిషి ఒకరు జిల్లాలో ఉండాలి. అంకె ఎక్కువ వస్తే అదే రోజు నరం నుంచి రక్తం తీసి నిర్ధారించుకుని, మందు మొదలుపెట్టాలి. తేలికగా నలిగే ఆ చిన్న మాత్ర ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎప్పుడూ ఉండాలి. మా వైపు వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, రేకుల ఇంట్లో కిటికీ మీద పెట్టిన మాత్ర బలం తగ్గుతుంది. చల్లటి చోట, వెలుతురు తగలకుండా పెట్టుకోవాలని కూడా చెప్పి ఇవ్వాలి.

బిడ్డ సంగతి తర్వాత తల్లి సంగతి. రెండో కాన్పప్పుడు ఎనిమిదో వారంలో నాకు టి.ఎస్.హెచ్. 4.3 వచ్చింది. రిపోర్టు మీద 0.35 నుంచి 4.94 వరకు నార్మల్ అని అచ్చు వేసి ఉంది. లాబ్ కుర్రాడు "నార్మలేనండి" అన్నాడు. అతని తప్పేం లేదు, కాగితం మీద ఉన్నది చదివాడు. కానీ ఆ హద్దు కడుపుతో లేని మనిషిది. గర్భం మొదట్లో ఊరే హెచ్.సి.జి. హార్మోను థైరాయిడ్‌ని కూడా కాస్త తడుతుంది, దాంతో టి.ఎస్.హెచ్. మామూలుగా కిందకి దిగాలి. 2014లో కేంద్ర ఆరోగ్య శాఖే ఇచ్చిన మార్గదర్శకాల్లో మొదటి మూడు నెలలకి పై హద్దు 2.5, ఆ తర్వాత 3. ఈమధ్య ప్రపంచమంతా కొంచెం సడలించి 4 దాకా ఒప్పుకుంటున్నారు. ఏ లెక్కన చూసినా నాది ఎక్కువే. మా డాక్టరమ్మ చూసింది కాబట్టి సరిపోయింది. బిడ్డ సొంత గ్రంథి హార్మోను చేయడం మొదలుపెట్టేది పన్నెండో వారం ప్రాంతంలో. అప్పటిదాకా పూర్తిగా తల్లి ఇచ్చేదే. ఆ వారాల్లో "నార్మల్" అనే ఒక్క మాట తప్పుగా అచ్చయితే ఏమవుతుందో ఆలోచించండి. మీ పరిధిలో ఉన్న ప్రతి లాబూ గర్భిణి రిపోర్టు మీద గర్భిణి హద్దులే, నెలల వారీగా అచ్చు వేయాలని ఆదేశించండి. ఇది కంప్యూటర్లో ఒక్కసారి మార్చే పని, పైసా ఖర్చు లేదు.

ఆ 2014 మార్గదర్శకాలు ప్రమాదం ఎక్కువ ఉన్న గర్భిణులకే పరీక్ష చేయమంటాయి. ముందు గర్భస్రావాలు అయినవాళ్ళు, ఊబకాయం ఉన్నవాళ్ళు, ఇంట్లో థైరాయిడ్ ఉన్నవాళ్ళు అని జాబితా ఉంది. మా ఊళ్ళో ఎవరికి ఏ జబ్బుందో ఎవరూ చెప్పుకోరు. ఆడపిల్లకి పెళ్ళి కాదని దాచిపెట్టే ఇళ్ళు నాకు తెలుసు. అందరినీ అడిగి ఏరడం కంటే, మొదటిసారి చెకప్‌కి వచ్చినప్పుడే హిమోగ్లోబిన్‌తో పాటు అందరికీ చేయడం తేలిక. నెలనెలా తొమ్మిదో తారీఖున గర్భిణుల కోసం ప్రత్యేకంగా చెకప్‌లు పెడుతున్నారు, అక్కడే మొదలుపెట్టవచ్చు. కానీ మూడో నెల దాటాక వచ్చే వాళ్ళకి ఆ పరీక్ష సగమే ఉపయోగం. నెల తప్పిన వెంటనే పేరు రాయించుకోమని చెప్పే మాటలో థైరాయిడ్ పేరు కూడా చేర్చండి.

ఇంకొకటి. నాకు మాత్ర మొదలైన నాలుగు వారాలకి మళ్ళీ పరీక్ష చేస్తే టి.ఎస్.హెచ్. ఏమీ తగ్గలేదు. మోతాదు పెంచుదామా అని డాక్టరమ్మ అనుకుంటూ, ఏం మాత్రలు ఎప్పుడు వేసుకుంటున్నావని అడిగింది. పొద్దున్నే పరగడుపున మూడూ కలిపి వేసుకుంటున్నానని చెప్పాను. థైరాయిడ్ మాత్ర, మీరిచ్చే ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర. మర్చిపోకుండా ఉంటుందని అన్నీ ఒకేసారి. ఐరనూ కాల్షియమూ థైరాయిడ్ మాత్రని కడుపులోనే పట్టేసుకుంటాయట, ఒంటికి పట్టనివ్వవట. నాలుగు గంటల తేడా ఉండాలి. అప్పటి నుంచి తెల్లవారి లేవగానే థైరాయిడ్ మాత్ర, అన్నాల వేళ కాల్షియం, రాత్రి ఐరన్ పెట్టుకున్నాను. తర్వాతి పరీక్షకి అంకె దిగింది. రాష్ట్రంలో ప్రతి గర్భిణికీ ఐరనూ కాల్షియమూ ఇచ్చేది మీరే. వాటి పొట్లం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో "థైరాయిడ్ మాత్రతో కలిపి వేసుకోవద్దు, నాలుగు గంటలు ఆగాలి" అని ఒక్క వాక్యం వేయించండి. ముందు నుంచే థైరాయిడ్ ఉన్న వాళ్ళకి గర్భం రాగానే మోతాదు పెంచాల్సి ఉంటుంది, మాత్ర ఆపకూడదు. కడుపుతో ఉన్నప్పుడు మందులు వాడితే బిడ్డకి చేటని భయపడి మానేసిన వాళ్ళని నేను చూశాను.

డబల్ మార్కర్ గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. మా తోడికోడలికి ఆ రిపోర్టులో ఎర్ర అక్షరాలతో "హై రిస్క్, 1:190" అని వచ్చింది. కాగితం లాబ్ వాళ్ళు వాట్సాప్‌లో పంపారు. ఆదివారం కాబట్టి డాక్టరు లేరు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. తెల్లారేసరికి పెద్దవాళ్ళు తీయించేద్దామనే మాట దాకా వచ్చారు. 1:190 అంటే అలాంటి అంకె వచ్చిన 190 మంది తల్లుల్లో ఒకరి బిడ్డకే ఆ తేడా ఉంటుందని, 189 మందికి ఉండదని అప్పటికి ఎవరికీ తెలియదు. అది జబ్బు ఉందని చెప్పే పరీక్ష కాదు, ఇంకో పరీక్ష అవసరమా అని చెప్పే పరీక్ష మాత్రమే. పైగా ఫారం తీసి చూస్తే బరువు 58 అని ఉంది. ఆమె 71 కిలోలు. ఎవరో అడగకుండా చూపుకి రాసేశారు. పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నది వేశారు, బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు వేసిన జనవరి 1. అసలు వయసు రెండేళ్ళు తేడా. బరువూ వయసూ తప్పయితే ఆ లెక్కంతా తప్పే. సరిచేసి మళ్ళీ లెక్క కట్టిస్తే ఆ అంకె హద్దు లోపలికి వచ్చింది. ఇప్పుడు ఆ పిల్లకి రెండో ఏడు, ఇల్లంతా పరుగులు పెడుతోంది.

ఆ అంకె నిజంగానే హై రిస్క్ అయ్యుంటే? అప్పుడు కూడా దారి ఉంది. ఎన్.ఐ.పి.టి. అనే రక్తపరీక్ష ఉంది, దాంట్లోనూ తేడా కనిపిస్తే ఉమ్మనీరు తీసి నిర్ధారించుకోవాలి. ఆ తర్వాత ఏం చేయాలన్నది ఆ తల్లిదండ్రుల నిర్ణయం, దాని మీద నేను మాట్లాడను. కానీ వాట్సాప్‌లో వచ్చిన ఒక ఎర్ర అక్షరం చూసి నిర్ణయం జరగకూడదు. ప్రసవానికి ముందు చేసే ఏ పరీక్ష కాగితమైనా, చదివి చెప్పే మనిషి లేకుండా తల్లి చేతికి వెళ్ళకూడదని ఒక నియమం పెట్టండి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఈ పని కోసం శిక్షణ ఇచ్చిన ఒక నర్సునైనా కూర్చోబెట్టండి. ఈ పరీక్ష దేన్ని చూస్తుంది, దేన్ని చూడదు అన్నది ఆమె తెలుగులో చెప్పాలి. నాకు 2016లో ఎవరైనా "అమ్మా, ఈ పరీక్షలో థైరాయిడ్ తెలియదు, బిడ్డ పుట్టాక మడమ పరీక్ష అడుగు" అని ఉంటే, నేను అడిగి ఉండేదాన్ని. తప్పకుండా అడిగి ఉండేదాన్ని.

డబ్బు మాట కూడా వస్తుందని తెలుసు. మా పాపకి ఇప్పటిదాకా మాటల శిక్షణకి, పరీక్షలకి, పట్నం తిరుగుళ్ళకి మేం పెట్టిన ఖర్చు ఒక పుస్తకంలో రాసుకున్నాను. ఆ మొత్తంతో మా మండలంలో కొన్నేళ్ళ పాటు పుట్టే బిడ్డలందరికీ ఆ చుక్క పరీక్ష చేయించవచ్చు. ఇది మా ఒక్క ఇంటి లెక్క. మీరు అడిగితే ఆ పుస్తకం తెచ్చి చూపిస్తాను.

ఈ ఉత్తరానికి జవాబుగా నాకు సానుభూతి వద్దు. మీ రెండు శాఖల నుంచి మూడు సంగతులు తెలిస్తే చాలు: ఉత్తర్వు ఏ తేదీన ఇస్తారు, ఏ జిల్లాతో మొదలుపెడతారు, పరీక్షలో తేలిన బిడ్డని వెతికి పట్టుకునే బాధ్యత ఎవరిది. మా వైపు ఆశా కార్యకర్తలకి, ఎ.ఎన్.ఎం.లకి శిక్షణ పెడితే సెలవు పెట్టుకుని వస్తాను. రెండు చెంచాల మధ్య మాత్ర ఎలా నలపాలో చేసి చూపిస్తాను. మా పాపని కూడా తీసుకొస్తాను, తను వస్తానంది.

ఇట్లు,
ఒక తల్లి, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు,
సత్తుపల్లి మండలం, ఖమ్మం జిల్లా